బాత్‌రూమ్ ఎక్కడుంది అమ్మాయ్?

పోయిన డిసెంబర్‌లో మా కాలేజీలో టూరిజం చదివే సెకండియర్ పిల్లలను రామప్ప గుడికి తీసుకెళ్లాను. అదే రోజు గుంటూరు నుంచి రిటైరైన టీచర్లు ముప్పై మందికి పైగా బస్సులో వస్తున్నారని, వాళ్లకు గుడి చూపించడానికి మా పిల్లల్లో ఒకరు ఉంటే బాగుంటుందని తెలిసినవాళ్లు అడిగారు. ములుగు పక్క ఊరి నుంచి వచ్చే అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. వారం రోజులు కూర్చుని నోట్సు రాసుకుంది. లైబ్రరీలో పుస్తకాలు తిరగేసింది. ఇంట్లో అద్దం ముందు నిలబడి చెప్పుకుందట కూడా.

గుడి ముందు నిలబడి బాగానే మొదలుపెట్టింది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని, 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిందని, తెలంగాణలో ఆ గుర్తింపు వచ్చిన మొదటి కట్టడం ఇదేనని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నాకు గర్వంగా అనిపించింది. నాలుగైదు నిమిషాలు గడిచాయో లేదో, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ మెల్లగా దగ్గరికొచ్చి అడిగింది.

"బాత్‌రూమ్ ఎక్కడుంది అమ్మాయ్?"

మా అమ్మాయికి తెలియదు. నా వైపు చూసింది. ఇంతలో ఇంకొకాయన, "రాయి చల్లగా జివ్వుమంటోంది, సాక్సులు వేసుకుని లోపలికి రావచ్చా?" అన్నాడు. ఇంకొకరు అర్చన చేయిస్తారా అని, మరొకరు ఇక్కడ చక్కెర లేని టీ దొరుకుతుందా అని. బస్సు డ్రైవర్ వచ్చి బండి ఎక్కడ పెట్టుకోవాలని అడిగాడు. అప్పటిదాకా గణగణ మోగిన గొంతు ఒక్కసారిగా సన్నబడిపోయింది. తర్వాత మదనికల, అంటే నాట్యకత్తెల శిల్పాల దగ్గర చెప్పాల్సినవి సగం మర్చిపోయింది.

తిరుగు బస్సులో కిటికీ వైపు ముఖం తిప్పుకుని ఏడ్చింది. "నాకు అన్నీ వచ్చు మేడం. వాళ్లు అడిగినవి మాత్రం ఒక్కటీ రాలేదు" అంది.

ఆ తప్పు ఆ పిల్లది కాదు, నాది. ఆ వారమంతా శాసనం తేదీ సరిచూశాను, ఉచ్చారణ సరిచేశాను. బాత్‌రూమ్ ఎక్కడుందో ముందు రోజు వెళ్లి చూసి రమ్మని చెప్పలేదు. పదకొండేళ్లు ట్రావెల్ ఆఫీసులో పనిచేసి టూర్లు తిప్పిన మనిషిని, నాకు తట్టాల్సింది. పాఠం చెప్పే బల్ల వెనక్కి వచ్చి పదేళ్లు దాటాక, బస్సులో పెద్దవాళ్లకు ఎంత తరచుగా బండి ఆపాలో నేను కూడా మర్చిపోయాను.

ఆ మర్నాడు ఒక రెండు వందల పేజీల నోటుబుక్ కొని క్లాసులో పెట్టాను. పైన "అడిగిన ప్రశ్నలు" అని రాశాను. ఎవరు ఏ ఊరికి వెళ్లినా, కోటకో గుడికో చెరువుకో, అక్కడికొచ్చిన వాళ్లు అడిగే ప్రశ్నలు విని, ఉన్నది ఉన్నట్టు రాయాలి. జవాబు తెలుసుకుని పక్కన రాయాలి. వేయి స్తంభాల గుడి దగ్గర ఒక పూట, వరంగల్ కోటలో కీర్తి తోరణాల దగ్గర ఒక పూట, లక్నవరం వంతెన దగ్గర ఒక ఆదివారం. పిల్లలు రాసుకొచ్చినవి చదువుతుంటే నాకే కళ్లు తెరుచుకున్నాయి. ఎవరు కట్టించారు, ఏ శతాబ్దం అని అడిగేవాళ్లు ఉన్నారు, లేకపోలేదు. ఎక్కువమంది అడిగేవి వేరే. ఎన్ని మెట్లున్నాయి? అమ్మ ఎక్కగలదా? పాపకు పాలు వేడి చేసిస్తారా? ఫోన్ చార్జింగ్ పెట్టుకోవచ్చా? కొబ్బరికాయ బయట కొనాలా లోపల ఇస్తారా? చివరి బస్సు ఎన్నింటికి? నెలసరిలో ఉన్నాను, లోపలికి రావచ్చా, గుడి బయటి నుంచి చూడొచ్చా? ఈ చివరి ప్రశ్న మా అమ్మాయిని ఒకావిడ పక్కకు పిలిచి అడిగిందట. ఏ పాఠ్యపుస్తకంలోనూ దీనికి చోటు లేదు. కానీ గైడ్‌గా ఒక ఆడపిల్ల నిలబడితేనే ఆ ప్రశ్న బయటికి వస్తుంది.

మా సిలబస్‌ను నేను తక్కువ చేయడం లేదు. టూరిజం అంటే నిర్వచనం, రకాలు, డిమాండు, సప్లై, మన దేశంలో సర్క్యూట్లు, అన్నీ కావాలి. పై చదువులకు గ్వాలియర్‌లోనో నెల్లూరులోనో ఉన్న టూరిజం విద్యాసంస్థ ఐఐటీటీఎంకు వెళ్లాలన్నా, గచ్చిబౌలిలో అలాంటిదే అయిన నిథమ్‌లో చేరాలన్నా ఆ పునాది ఉండాలి. నా బాధ ఒక్కటే. మూడేళ్లు చదివి బయటికొచ్చిన పిల్ల పరీక్షలో పదహారు రకాల టూరిజం గురించి రాయగలదు, నలభై మందిని బస్సు దించి మళ్లీ అదే నలభై మందిని బస్సెక్కించడం మాత్రం ఒక్కసారి కూడా చేసి ఉండదు.

నేను 2003లో హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో చేరాను. మొదటి రెండేళ్లు టికెట్ల కౌంటర్. అక్కడ చేసిన ఒక తప్పును ప్రతి ఏడాది మొదటి క్లాసులో పిల్లలకు చెప్తాను. ఖమ్మం వైపు నుంచి ఒక భార్యాభర్తలు వచ్చారు. అమెరికాలో కూతురి పురుడు. జీవితంలో మొదటి విమానం. పాస్‌పోర్టుల జిరాక్సులు ఇచ్చారు. ఆవిడ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంది, పేరంతా రెండో గడిలో ఉంది. ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు చూసి, అదే ఆవిడకూ తగిలించి టికెట్ చేసేశాను. భార్యాభర్తలే కదా అనుకున్నాను. అర్ధరాత్రి ఎయిర్‌పోర్టులో పేరు కలవలేదని ఆవిడను ఆపేశారు. ఆమెను వదిలి ఆయన వెళ్లలేదు. మూడో రోజుకు మళ్లీ టికెట్లు చేశాం. ఆ తేడా డబ్బులు నా జీతంలో కోసుకున్నారు, దానికి నాకు బాధ లేదు. పుట్టిన బిడ్డను వాళ్లు రెండు రోజుల ఆలస్యంగా చూశారు. ఇరవై ఏళ్లయినా నాకది గుర్తొస్తూనే ఉంటుంది.

అందుకే మా క్లాసులో బుకింగ్ సాఫ్ట్‌వేర్ కంటే ముందు పేర్లు నేర్పిస్తాను. అమేడియస్ అయినా, గెలీలియో అయినా, సేబర్ అయినా, బుకింగ్ పూర్తి కావాలంటే ఐదు వివరాలు ఉండి తీరాలి: ప్రయాణికుడి పేరు, ప్రయాణం వివరం, ఫోన్ నంబరు, టికెట్ ఎప్పటిలోగా తీయాలన్నది, బుకింగ్ ఎవరు చెప్తే చేశామన్నది. ఈ కమాండ్లు ఒక నెల కూర్చుంటే వచ్చేస్తాయి. మన తెలుగువాళ్ల పేర్లు మాత్రం నెలలో రావు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. పదో తరగతి మెమోలో కొందరికి అది ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో మొత్తం ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకు ఒక కాగితంలో పుట్టింటి పేరు, ఇంకో కాగితంలో అత్తింటి పేరు. వెంకట, లక్ష్మి, నాగ లాంటివి ఒకచోట కలిపి, ఒకచోట విడగొట్టి ఉంటాయి. స్పెల్లింగులో ఒక కాగితంలో టి, ఇంకోదాంట్లో టీహెచ్. పిల్లలను ఒక్కొక్కరిని వాళ్ల ఇంట్లో అందరి గుర్తింపు కార్డులు పక్కపక్కన పెట్టి తేడాలు రాసుకురమ్మంటాను. నలుగురున్న ఇంట్లో నలుగురి కాగితాలూ కచ్చితంగా కలిసిన ఇల్లు నాకు ఇంకా కనిపించలేదు.

ఇది చిన్న విషయం కాదు. 2022 నవంబర్‌లో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లను విజిట్, టూరిస్ట్ వీసాల మీద రానివ్వబోమని చెప్పింది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్ వెళ్లే కుటుంబాలు ఎన్నో. అప్పుడు మా పాత విద్యార్థి ఒకడు జగిత్యాలలో ఒక టికెట్ షాపులో పనిచేస్తున్నాడు. డబ్బు తీసుకునే ముందు ప్రతి పాస్‌పోర్టూ తెరిచి ఆ గడి చూసేవాడట. ఖాళీ ఉంటే టికెట్ చేయకుండా ముందు పాస్‌పోర్టు సరిచేయించుకోమని పంపేవాడు. ఓనర్‌కు కోపం వచ్చింది, బేరం పోతోందని. వీడు వినలేదు. వాడు ఆ మాట ఫోన్‌లో చెప్పిన రోజు నాకు చాలా సంతోషం వేసింది.

లెక్కల గురించి కూడా కొంచెం చెప్పాలి. పిల్లలు ప్యాకేజీ ధర కట్టడంలో అందరూ ఒకే చోట తప్పు చేస్తారు. రామప్ప, లక్నవరం, రెండు రోజులు, బస్సుకు 24,000 అనుకుందాం. నలభై మంది వస్తారని మనిషికి 600 వేస్తారు. చివరికి ఇరవై ఎనిమిది మందే వస్తే అదే బస్సు మనిషికి 857 పడుతుంది. భోజనం మనిషిని బట్టి మారుతుంది, బస్సు మారదు. డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్, వెంట వెళ్లే మన మనిషి గది, తిండి, ఇవి ఎప్పుడూ మర్చిపోతారు. హోటల్ గదిలో సీపీ అంటే పొద్దున టిఫిన్‌తో కలిపి, ఎంఏపీ అంటే దాంతోపాటు ఇంకొక పూట భోజనం, ఏపీ అంటే మూడు పూటలా. మొదటి వారం ఏపీ అనగానే అందరూ ఆంధ్రప్రదేశ్ అనుకుంటారు. తర్వాత అలవాటవుతుంది. విదేశీయులు హోటల్లో దిగితే ఇరవై నాలుగు గంటల్లో వాళ్ల వివరాలు అధికారులకు పంపాలన్నది కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇవి రెండు మూడు వారాల పని.

ఎక్కువ రోజులు పట్టేది మనుషులను లెక్కపెట్టడం.

2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడటానికి బయలుదేరిన బోటు గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో మా పక్కనే, కాజీపేట దగ్గరి కడిపికొండ నుంచి వెళ్లిన వాళ్లు ఉన్నారు. ఆ ఆదివారం సాయంత్రం నుంచి ఇక్కడ ఎవరి ఇంట్లోనూ వేరే మాట లేదు. బోటును నీళ్లలోంచి బయటికి తీసింది అక్టోబర్ 22న. ఆ నెల రోజులూ మా పిల్లలు క్లాసులోకి రాగానే అదే అడిగేవాళ్లు: దొరికారా మేడం? ఆ ఏడాది నేను పాఠాల వరుస మార్చేశాను. భద్రత అనే పాఠం చివరి యూనిట్‌లో ఉండేది, పరీక్షలు దగ్గర పడినప్పుడు హడావుడిగా చదివి వదిలేసేవాళ్లం. ఇప్పుడు అది రెండో వారంలోనే మొదలవుతుంది.

లక్నవరంలో బోటెక్కే ముందు పిల్లలతో ఇలా చేయిస్తాను. ముందు గైడ్ తాను లైఫ్ జాకెట్ వేసుకుని పట్టీలన్నీ బిగించుకోవాలి. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి పట్టీ లాగి చూడాలి. ఉక్కగా ఉంది, ఫొటో బాగా రాదు, ఐదు నిమిషాలకే కదా అనేవాళ్లు ఉంటారు. కావాలనే ఇద్దరు ముగ్గురిని అలా మొండికేయమని ముందే చెప్పి పెడతాను. వాళ్లు వేసుకునేదాకా బోటు కదలదని గైడ్ గట్టిగా చెప్పాలి. మన పిల్లలకు, ముఖ్యంగా ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలకు, పెద్దవాళ్లకు ఎదురుచెప్పడం అలవాటు ఉండదు. "దయచేసి వేసుకోండి అంకుల్" అని మెల్లగా నాలుగుసార్లు అంటారు. ఐదోసారి గొంతు పెరగాలి. అది వచ్చేదాకా ఒడ్డు మీదే ఉంటాం. ఒకసారి గంటన్నర ఉన్నాం.

లెక్కకు జతల పద్ధతి నేర్పిస్తాను. బస్సెక్కగానే ప్రతి మనిషికీ ఒక జత కుదర్చాలి, భార్యాభర్తలు కాకుండా. ఎందుకంటే భార్యాభర్తలు తప్పిపోతే ఇద్దరూ కలిసే తప్పిపోతారు, లేరని చెప్పేవాళ్లు ఉండరు. నేను కాశీ యాత్రలు తిప్పిన రోజుల్లో అనుభవం మీద నేర్చుకున్నది ఇది. కాజీపేటలో కాశీ వైపు వెళ్లే దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఆగేది కొద్ది నిమిషాలే. అరవై దాటిన వాళ్లు, సంచులు, ఆవకాయ జాడీలు, మందుల డబ్బాలు, వంటమనిషి, ఆయన గిన్నెలు. ఆ నిమిషాల్లో అందరూ ఎక్కారని నాకు తెలియాలంటే నేను నలభై తలలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే కుదరదు. "నీ జత ఉందా?" అని అరిస్తే చాలు.

2024 ఫిబ్రవరిలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు మా పిల్లలు కొందరు వాలంటీర్లుగా వెళ్లారు. తప్పిపోయిన వాళ్ల వివరాలు రాసుకునే చోట కూర్చున్నారు. అక్కడ జరిగిన ఒక సంగతి నేను ఎవరికైనా చెప్పాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను.

మా క్లాసులో ఏటూరునాగారం అవతలి నుంచి వచ్చే అబ్బాయి ఒకడున్నాడు. వెనక బెంచీ. అడిగితే తప్ప మాట్లాడడు. ఇంగ్లిష్ అంటే భయం, తెలుగు కూడా తనది వేరేగా ఉంటుందని సిగ్గు. జాతర రెండో రోజు రాత్రి ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మనవడు తప్పిపోయాడని ఏడుస్తూ వచ్చింది. ఆమె మాట ఎవరికీ అర్థం కాలేదు. హిందీలో అడిగారు, తెలుగులో అడిగారు. ఆమె ఇంకా బెదిరిపోయింది. అప్పుడు వీడు లేచి ఆమె పక్కన నేల మీద కూర్చుని కోయ భాషలో మాట్లాడాడట. ఆమె వీడి చెయ్యి పట్టుకుని వదల్లేదు. పిల్లాడి చొక్కా రంగు, పేరు, ఏ చెట్టు కింద గుడారం వేసుకున్నారో అన్నీ చెప్పింది. తెల్లారేలోపు పిల్లాడు జంపన్న వాగు దగ్గర దొరికాడు.

రెండేళ్లుగా వాడు తన ఇంటి భాషను మా క్లాసులో దాచుకుని కూర్చున్నాడు. నేను అడగనూ లేదు. ఇప్పుడు అడ్మిషన్ ఫారం నింపే రోజే ప్రతి పిల్లనూ ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడుగుతున్నాను. కోయ, లంబాడీ, ఉర్దూ, కొందరికి మరాఠీ. ములుగు జిల్లాలో టూరిజం అంటే బొగత జలపాతం, మేడారం, తాడ్వాయి అడవి. అక్కడ దారి, చెట్టు, వాగు, దేవత పేరు అన్నీ తెలిసిన మనుషులు ఈ పిల్లల ఇళ్లలోనే ఉన్నారు. బయటి నుంచి గైడ్లు వచ్చి వీళ్ల ఊరి గురించి వీళ్లకే చెప్పే రోజు రాకూడదని నా తపన.

ఇంగ్లిష్ నేర్పమా అంటే నేర్పుతాం. ముందు తెలుగులో చెప్పడం రావాలి. ఇంటికెళ్లి నాయనమ్మకో అమ్మమ్మకో రామప్ప కథ చెప్పమంటాను. ఆమె మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లిపోతే ఎక్కడ లేచిందో గుర్తుపెట్టుకోమంటాను. అక్కడ కథ బాగుచేయాలి. గుడి కింద వేసిన ఇసుక పునాది గురించి చెప్తే ఏ నాయనమ్మా లేవదు, ఎందుకంటే ఇల్లు కట్టిన ప్రతి ఇంట్లో పునాది గురించి మాట ఉంటుంది. గోపురానికి వాడిన ఇటుక నీళ్లలో తేలేంత తేలిక అంటే నమ్మరు, ఎలా అని అడుగుతారు. అప్పుడు మహిమ అనకుండా, ఇటుకలో సన్నటి గుల్లలు ఉండటం వల్ల బరువు తగ్గిందని, పైన బరువు తగ్గితే కింది గోడల మీద భారం తగ్గుతుందని చెప్పాలి. ఆ తర్వాత అదే కథ ఇరవై చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో. ఇరవై చాలు మొదటి ఏడాదికి.

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉంటాను. మార్కో పోలో రామప్పను చూసి ఆలయాల్లో ధగధగలాడే నక్షత్రం అన్నాడని చాలామంది చెప్తుంటారు. మా పిల్లలు కూడా ఎక్కడో చదివి చెప్తారు. ఆయన పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూపించండి, అప్పుడు చెప్పుకోవచ్చు అంటాను. ఇంతవరకు ఎవరూ తీసుకురాలేదు. గుడి గొప్పదని చెప్పడానికి రాయి చాలు. నల్లరాతి మదనిక కాలికి ఎత్తు మడమ చెప్పు ఉంది. చూపించండి, అందరూ వంగి చూస్తారు.

ఇక తల్లిదండ్రుల సంగతి. ఈ చదువులో ఆడపిల్లలు ఆగిపోయేది అక్కడే. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం అయ్యాక మా అమ్మాయిలు ఫీల్డ్ విజిట్లకు రావడం బాగా పెరిగింది. అంతకుముందు బస్సు డబ్బులు అడగలేక జ్వరమని చెప్పి ఆగిపోయేవాళ్లు. పగటి ప్రయాణానికి ఇంట్లో అడ్డు చెప్పరు. రాత్రి ఉండాల్సిన పని అంటే మాత్రం తలుపు మూసుకుంటుంది. రామప్పలో ఏడ్చిన ఆ అమ్మాయి వాళ్ల నాన్న కాలేజీకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పత్తి రైతు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "బిడ్డ సదువుతాంటే మాకు సంతోషమే మేడం. గని కాశికి, గయకు పదిరోజులు బయట తిరిగే నౌకరి అంటె ఆడపిల్లను ఎట్ల పంపిస్తం? మీరే చెప్పుండ్రి" అన్నాడు.

ఏ ప్రమాదం లేదు అని నేను చెప్పలేదు. నా మొదటి టూర్‌లో ఒక ఊళ్లో హోటల్ వాళ్లు నాకు మేడ మీద డ్రైవర్లు పడుకునే గది పక్కన గది ఇచ్చారు. గడియ సరిగ్గా పడలేదు. నేను సామాను తీసుకుని కిందికొచ్చి మా గ్రూపులో ఇద్దరు పెద్దమ్మల గదిలో చాప వేసుకుని పడుకున్నాను. మర్నాడే ఆఫీసుకు ఫోన్ చేసి, వెంట వెళ్లే ఆడమనిషికి గ్రూపు ఉన్న అంతస్తులోనే గది ఉండాలని, అది వోచర్‌లో, అంటే హోటల్‌కు పంపే బుకింగ్ కాగితంలో రాయాలని పట్టుబట్టాను. ఒప్పుకున్నారు. ఇప్పుడు మా పిల్లలకు ఆ మాటలు ఆఫీసులో ఎలా అడగాలో, ఎలా రాయించుకోవాలో నేర్పిస్తాను. ఇదంతా ఆయనకు చెప్పాను. నా నంబరు ఇచ్చాను. యాత్ర నడిపే వాళ్లతో మీరే మాట్లాడండి, వాళ్లు మాట్లాడకపోతే నేనే పంపను అన్నాను. "ఆలోచిస్తం మేడం" అని లేచాడు.

ఆ అమ్మాయికి కూడా ఇంకో నిజం చెప్పాను, అందరికీ చెప్పేదే. దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవులు, జనం తిరిగే రోజులే మనకు పని ఎక్కువ ఉండే రోజులు. సద్దుల బతుకమ్మ నాడు నీ ఊళ్లో ఉండకపోవచ్చు. మొదట్లో జీతం తక్కువ. తెలిసి రావాలి, తెలియక వచ్చి ఆరు నెలలకు మానేయకూడదు.

ఇంటర్న్‌షిప్ గురించి రాయకుండా ముగించలేను. కొన్నేళ్ల క్రితం మా పిల్లలు ఆరుగురు ఒక పెద్ద హోటల్‌కు ఆరు నెలలు వెళ్లారు. ఫ్రంట్ ఆఫీసు నేర్పిస్తామన్నారు. ఆరు నెలలూ దుప్పట్లు మడతపెట్టించారు. స్టైపెండ్ లేదు, బస్ పాస్ కూడా వీళ్లే కొనుక్కున్నారు. దుప్పటి మడతపెట్టడం చిన్న పనేమీ కాదు, అదీ నేర్చుకోవాల్సిందే, పదిహేను రోజులు. ఆరు నెలలు అదే చేయిస్తే అది శిక్షణ కాదు, జీతం మిగుల్చుకోవడం. వాళ్లలో ఇద్దరు ఈ రంగమే వదిలేశారు. అప్పటి నుంచి నేను ఏ సంస్థకు పంపినా ముందే కాగితం రాయించుకుంటున్నాను: ఏ విభాగంలో ఎన్ని వారాలు, ఎవరు నేర్పుతారు, రాత్రి డ్యూటీ ఉంటే ఇంటికి ఎలా చేరతారు, భోజనం ఉందా లేదా. కొందరు సంతకం పెట్టరు. వాళ్ల దగ్గరికి పంపను. "పిల్లలకు ఏమీ రాదు" అని ఫిర్యాదు చేసే ఆఫీసులు రెండు వారాలు ఒక పిల్లను పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకుంటే చాలు. మిగతాది ఆ పిల్ల చూసి నేర్చుకుంటుంది. నేనూ అలాగే నేర్చుకున్నాను, ఒక సీనియర్ అక్క పక్కన స్టూల్ మీద కూర్చుని, ఆమె ఫోన్‌లో కోపంగా ఉన్న కస్టమర్‌తో ఎలా మాట్లాడుతుందో వింటూ.

వరంగల్, హన్మకొండ, కరీంనగర్, హైదరాబాద్‌లలో ట్రావెల్ ఆఫీసులు, యాత్రలు నడిపేవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. ఈసారి ఫైనలియర్‌లో పద్దెనిమిది మంది ఉన్నారు. మధ్యాహ్నం భోజనం, అబ్బాయిలకు బస్సు చార్జీ, అమ్మాయిలకు సాయంత్రం ఆరులోపు ఇంటికి బయలుదేరే వీలు, ఇంతే అడుగుతున్నాను. ఆ రెండు వందల పేజీల నోటుబుక్ నిండి రెండోది మొదలైంది. రామప్ప పేజీలు నింపింది ఆ అమ్మాయే. ఆ తర్వాత ఆమె ఐదు ఆదివారాలు ఒక్కతే వెళ్లింది, జంగాలపల్లి దగ్గర దిగి ఆటో పట్టుకుని. బాత్‌రూమ్ ఎక్కడుంది, ఎన్ని అడుగుల దూరం, నీళ్లు ఏ వేళకు అయిపోతాయి, చక్కెర లేని టీ ఎవరు పెట్టిస్తారు, అన్నీ రాసింది. గుంటూరు బృందం పెద్దాయన నంబరు సంపాదించి, మళ్లీ వస్తే నేనే చూపిస్తాను సార్ అని ఫోన్ కూడా చేసింది.

మొన్న సోమవారం రాత్రి వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. యాత్రలు తిప్పే ఒకావిడతో నేను మాట్లాడించాను, ఆవిడ నవంబర్ చివర కాశీకి వెళ్తూ ఒక అమ్మాయిని వెంట తీసుకెళ్తానంది. ఆయన చాలాసేపు వానల గురించి, పత్తి గురించి మాట్లాడాడు. తర్వాత అడిగాడు.

"మేడం, గా కాశిల చలి బాగుంటదా? స్వెట్టర్ కొనాల్నా బిడ్డకు?"

కొనాలని, చెవులు కప్పే మఫ్లర్ కూడా కావాలని, గంగ ఒడ్డున తెల్లవారుజామున పడవెక్కేటప్పుడు గాలి బాగా కొడుతుందని చెప్పాను. రాసుకుంటున్నట్టున్నాడు, ఒక్కొక్కటే మళ్లీ చెప్పించుకున్నాడు.